కొత్త బ్రౌజర్‌కి జనం ఎక్కణ్ణుంచి వస్తారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నలుగురు కలిసి క్రోమియం (క్రోమ్‌కి పునాదిగా ఉన్న, గూగుల్ అందరికీ తెరిచిచ్చిన కోడ్) మీద ఒక బ్రౌజర్ కట్టారు, క్రోమ్ కన్నా తక్కువ మెమరీ తింటోంది, యాడ్ బ్లాకర్ లోపలే ఉంది, వాడినవాళ్లంతా బాగుందనే అన్నారు, అయినా ఆరు నెలల నుంచి యూజర్ల లెక్క కదలట్లేదు, ఇంకా ఏ ఫీచర్ పెడితే జనం వస్తారు అని అడిగారు. ఫీచర్ సంగతి చివర్లో చెప్తాను. ఈ రంగంలో పదిహేనేళ్లకు పైగా ఉన్నాను, అందులో కొన్నేళ్లు ఒక చిన్న బ్రౌజర్ కంపెనీలో యూజర్లని పెంచే పనే నాది. నేను చూసినంతలో మంచి బ్రౌజర్ అయినందుకు గెలిచింది చాలా తక్కువ, కళ్లముందు ఉన్నందుకు గెలిచిందే ఎక్కువ. మాట కాస్త చేదుగా అనిపిస్తే ఏమనుకోవద్దు.

నెట్‌స్కేప్ కథ అందరూ చెప్తారు గానీ అసలు ముక్క వదిలేస్తారు. 1994 డిసెంబర్‌లో వాళ్ల బ్రౌజర్ నావిగేటర్ వచ్చింది. ఎనిమిది నెలలు తిరక్కముందే, 1995 ఆగస్టు 9న, కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లింది. 28 డాలర్లకి ఇచ్చిన షేర్ సాయంత్రానికి 58 దాటి ఆగింది. అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మొదటి వెర్షన్ వదిలింది. అది వాళ్లు మొదట్నుంచీ సొంతంగా రాసింది కూడా కాదు, స్పైగ్లాస్ అనే కంపెనీ దగ్గర మొజాయిక్ అనే పాత బ్రౌజర్‌కి లైసెన్స్ తీసుకుని దాని మీద కట్టారు. ఒప్పందం ప్రకారం కొంత కనీస ఫీజు, దాంతోపాటు ఎక్స్‌ప్లోరర్ మీద వచ్చే ఆదాయంలో వాటా ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ దాన్ని ఊరికే పంచిపెట్టింది. సున్నాలో వాటా ఎంతొస్తుంది? అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. స్పైగ్లాస్ గొడవకి దిగితే 1997లో 80 లక్షల డాలర్లిచ్చి సర్దుకున్నారు.

నన్నడిగితే ఆ యుద్ధంలో అసలు మలుపు 1996 మార్చిలో వచ్చింది. ఏఓఎల్ అప్పట్లో అమెరికాలో జనానికి ఇంటర్నెట్ అందించే అతిపెద్ద కంపెనీ. నెట్‌స్కేప్‌తో ఒప్పందం ప్రకటించిన మర్నాడే మైక్రోసాఫ్ట్‌తో ఇంకోటి ప్రకటించి, ఎక్స్‌ప్లోరర్‌ని తన డిఫాల్ట్ బ్రౌజర్‌గా, అంటే ఎవరూ మార్చకపోతే అదే తెరుచుకునేలా పెట్టుకుంది. ఎందుకంటే విండోస్ 95 డెస్క్‌టాప్ మీద ఉండే ఫోల్డర్‌లో ఏఓఎల్‌కి చోటిస్తామని మైక్రోసాఫ్ట్ అంది. ఏఓఎల్‌కి ఏ బ్రౌజర్ బాగుందో పట్టలేదు, కోట్ల కంప్యూటర్ల తెర మీద కాస్త జాగా కావాలి, అంతే. ఆ జాగా నెట్‌స్కేప్ చేతిలో లేదు. 1997లో మైక్రోసాఫ్ట్ యాపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెట్టినప్పుడు కూడా మ్యాక్‌లో ఐదేళ్లపాటు ఎక్స్‌ప్లోరర్‌నే డిఫాల్ట్‌గా ఉంచాలనే మాట ఆ ఒప్పందంలో ఉంది. ఐదేళ్లు గడిచాక, 2003 జనవరిలో, యాపిల్ సొంతంగా సఫారీ తెచ్చింది. కాకతాళీయం అనుకునేవాళ్లు అనుకోవచ్చు.

నెట్‌స్కేప్ తనంతట తాను చేసుకున్న నష్టం కూడా తక్కువేం కాదు. 1997లో నాలుగో వెర్షన్ వచ్చాక పాత కోడ్ పక్కన పడేసి మొదట్నుంచి రాయడం మొదలుపెట్టారు. ఐదో వెర్షన్ అసలు రానేలేదు, ఆరోది 2000 నవంబర్‌లో వచ్చింది. మూడేళ్లు మీరు దుకాణం మూసి రిపేర్ చేసుకుంటుంటే జనం తలుపు దగ్గర నిలబడి ఉంటారా? అమెరికా ప్రభుత్వం 1998లో మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది, గెలిచింది కూడా, కానీ తీర్పొచ్చేసరికి రోగి లేడు.

ఆ తర్వాత గెలిచినవాడు పడుకున్నాడు. మీలాంటి చిన్నవాళ్లకి కావాల్సిన భాగం ఇక్కడే ఉంది. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001 ఆగస్టులో, 7 వచ్చింది 2006 అక్టోబర్‌లో. పోటీ లేకపోయేసరికి ఐదేళ్లు దాన్ని గాలికి వదిలేశారు. ఆ ఐదేళ్లలో పాపప్‌లు పెరిగాయి, స్పైవేర్ పెరిగింది. 2004 మధ్యలో ఒక దాడి ఎంత ముదిరిందంటే, వేరే బ్రౌజర్ వాడటం ఒక మార్గమని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్ 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది. ట్యాబ్‌లు, పాపప్‌లని ఆపడం, ఇవేవీ ఫైర్‌ఫాక్స్ కనిపెట్టినవి కావు, ఒపేరా అనే బ్రౌజర్‌లో అంతకుముందే ఉన్నాయి. కానీ ఒపేరా అప్పటికి యాడ్స్‌తో వచ్చేది, యాడ్స్ వద్దంటే డబ్బు కట్టాలి. 2005 సెప్టెంబర్‌లో గానీ పూర్తిగా ఉచితం కాలేదు. ఆలస్యమైపోయింది.

ఫైర్‌ఫాక్స్ పెరిగిన తీరు మాత్రం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. దాదాపు పది వేల మంది మామూలు జనం చందాలేసుకుని, 2004 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన వేయించారు, ఆ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో అందులో అచ్చేశారు. 2008 జూన్‌లో మూడో వెర్షన్‌కి ఒక్కరోజులో 80 లక్షల డౌన్‌లోడ్‌లతో గిన్నిస్ రికార్డు కొట్టారు. అయితే అసలు పని ఈ హడావుడి కన్నా కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్ల వల్ల జరిగింది. అమ్మానాన్నల కంప్యూటర్ బాగుచేయడానికి కూర్చున్న ప్రతి కుర్రాడూ వైరస్‌లు తీసేసి, ఫైర్‌ఫాక్స్ వేసి, ఎక్స్‌ప్లోరర్ నీలం ‘ఇ’ గుర్తుని డెస్క్‌టాప్ మీంచి దాచేసి లేచాడు. నేనూ చేశాను. ఆ కుర్రాడికి బ్రౌజర్ నచ్చిందన్నది ఒక కారణం. నెలకోసారి పిలిపించుకుని అదే చెత్త తీయించడం తప్పుతుందన్నది దానికన్నా పెద్ద కారణం. మీ బ్రౌజర్ వేసిపెడితే ఎవరి తలనొప్పి తగ్గుతుంది? ఈ ప్రశ్నకి మీ దగ్గర జవాబుందా?

క్రోమ్ సంగతికొస్తే, అది పూర్తిగా గూగుల్ హోమ్ పేజీ బలంతోనే గెలిచిందని కొందరంటారు, పూర్తిగా వేగంతోనే గెలిచిందని కొందరంటారు. రెండూ సగం సగం. 2008 సెప్టెంబర్ 2న వచ్చినప్పుడు దానిలో సత్తా నిజంగా ఉంది: ఒక ట్యాబ్ కూలితే మిగతావి కూలేవి కావు, జావాస్క్రిప్ట్ నడిపే వీ8 ఇంజిన్ మిగతావాళ్లని నిలబెట్టి దాటేసింది, అడ్రస్‌కి, వెతుకులాటకి ఒకటే పెట్టె. ఇవన్నీ వ్యాసాల్లో రాస్తారు. రాయనిది ఇంకోటుంది. క్రోమ్ విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా యూజర్ సొంత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయ్యేది. అంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్‌లో ఐటీ వాళ్లు ఎక్స్‌ప్లోరర్ 6 తప్ప ఏదీ వేయనివ్వని రోజుల్లో, ఎవరినీ అడక్కుండా రెండు నిమిషాల్లో క్రోమ్ వేసుకోగలిగేవాళ్లు. ఐటీ వాళ్లు తిట్టుకున్నారు, ఉద్యోగులు వాడుకున్నారు. పైగా అది తనంతట తానే చడీచప్పుడు లేకుండా అప్‌డేట్ అయ్యేది. ఇలాంటి చిన్న ఇంజినీరింగ్ నిర్ణయం పెద్ద ప్రకటన కన్నా ఎక్కువమందిని తెచ్చిపెడుతుంది.

ఇక తోపుడు సంగతి. ప్రపంచంలో ఎక్కువమంది చూసే హోమ్ పేజీలో క్రోమ్ వేసుకోండని ఒక లైన్, అప్పట్లో సైట్లలో వీడియోలు ఆడాలంటే కావాల్సిన ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్ చేసుకుంటే పక్కనే క్రోమ్‌కి ముందే టిక్ పెట్టిన పెట్టె. 2012 మే నాటికి, ఏ బ్రౌజర్ ఎంత వాడుతున్నారో లెక్కగట్టే స్టాట్‌కౌంటర్ లెక్కల్లో ఎక్స్‌ప్లోరర్‌ని దాటేసింది. ఇంత ఖర్చు గూగుల్ ఎందుకు పెట్టిందో అర్థం కావాలంటే అంతకుముందు దాని భయం తెలియాలి. అందరూ గూగుల్‌కి వస్తున్న దారి మైక్రోసాఫ్ట్ ఇంటి గుండా వెళ్తోంది. ఎక్స్‌ప్లోరర్ 7లో వెతుకుడు పెట్టె పెట్టి దానికి మైక్రోసాఫ్ట్ సొంత సెర్చ్ తగిలిస్తుంటే, 2006లో గూగుల్ ఫిర్యాదు చేసింది. వాడి గేటు వాడు ఎప్పుడైనా మూసేయొచ్చు అనిపించినప్పుడు ఎవరైనా సొంత గేటు కట్టుకుంటారు. 2025లో ఏఐ కంపెనీలు బ్రౌజర్లు కట్టడం, పర్‌ప్లెక్సిటీ కామెట్ తెచ్చినా, ఓపెన్‌ఏఐ అట్లాస్ తెచ్చినా అదే భయం, ఇల్లు మారిందంతే.

మీరు అడక్కపోయినా ఒకటి చూపించాలి. మీ బ్రౌజర్ ప్రతి సైటుకీ తన పేరు చెప్పుకునే యూజర్ ఏజెంట్ అనే లైన్ ఉంటుంది కదా, ఈరోజు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడ్జ్ బ్రౌజర్‌లో అది తెరిచి చదవండి. మొదటి మాట మొజిల్లా. తర్వాత యాపిల్‌వెబ్‌కిట్. ఆ పక్కన కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో. ఆ తర్వాత క్రోమ్, తర్వాత సఫారీ, అన్నీ అయ్యాక చిట్టచివర ఎడ్జ్. తన పేరు చెప్పుకోవడానికి ముందు ఆరు పరాయి పేర్లు చెప్పుకుంటోంది! మొజిల్లా అన్నది నెట్‌స్కేప్ లోపల పెట్టుకున్న ముద్దుపేరు. అప్పట్లో సైట్లు ఆ పేరు కనిపిస్తేనే మంచి పేజీ ఇచ్చేవి, కాబట్టి ఎక్స్‌ప్లోరర్ నేనూ మొజిల్లానే అని అబద్ధమాడింది. తర్వాత కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజిన్ నేను మొజిల్లా వాళ్ల గెకో ఇంజిన్ లాంటిదాన్నే అంది, సఫారీ ఆ ముక్కని అలాగే ఉంచుకుంది, క్రోమ్ నేను సఫారీ లాంటిదాన్నే అంది, ఎడ్జ్ అందరి పేర్లూ చెప్పింది. వివాల్డీ అనే చిన్న బ్రౌజర్ 2019 చివర్లో తన పేరు తీసేసి చాలా సైట్లకి అచ్చం క్రోమ్‌లాగే కనిపించడం మొదలుపెట్టింది, ఎందుకంటే పేరు చెప్పుకుంటే కొన్ని సైట్లు మీ బ్రౌజర్ పనికిరాదు పొమ్మంటున్నాయి. సైట్లు రాసేవాడు ఎవరి కోసం రాస్తాడో వాడే రాజు, మిగతావాళ్లు వాడి వేషం కట్టాలి.

అందుకే పేజీని తెర మీద గీసే ఇంజిన్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒపేరా 2013లో సొంత ఇంజిన్ ప్రెస్టో వదిలేసి క్రోమియం వైపు వచ్చింది. మైక్రోసాఫ్ట్ అంతటిది 2018 డిసెంబర్‌లో చేతులెత్తేసి, 2020 జనవరిలో క్రోమియం మీద కట్టిన ఎడ్జ్ వదిలింది. డిఫాల్ట్ ఉంటే చాలనుకునేవాళ్లకి నేను ఎడ్జ్‌నే చూపిస్తాను. ప్రతి విండోస్‌లో ముందే ఉంటుంది, క్రోమ్ డౌన్‌లోడ్ చేసుకోబోతే వద్దని అడ్డం పడుతుంది, విండోస్ 11 మొదట్లో డిఫాల్ట్ మార్చాలంటే ఫైల్ రకానికొకటి చొప్పున మార్చుకోమంది, తిట్లు తిన్నాక ఒకే బటన్ పెట్టారు. ఇంత చేసినా ప్రపంచం మొత్తం మీద దాని వాటా ఐదు శాతం అటూ ఇటూనే, క్రోమ్‌ది మూడింట రెండొంతులు. ఎందుకంటే జనం పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, ఫోన్‌లో చూసి వదిలేసిన ట్యాబ్‌లు అన్నీ క్రోమ్‌లో ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అదే, కంప్యూటర్‌లో అదే. మొబైల్ వచ్చినప్పుడు ఫైర్‌ఫాక్స్ దెబ్బతిన్నది కూడా ఇక్కడే. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ముందే కూర్చుంది. ఐఫోన్‌లోనైతే ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల యాపిల్ ఇంజిన్ వెబ్‌కిట్టే ఉండాలన్నది రూలు, యూరప్‌లో మాత్రం 2024లో దాన్ని సడలించారు. డిఫాల్ట్ మార్చుకునే వీలు కూడా 2020లో గానీ రాలేదు.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ అది తెలియకపోతే ఈ ఆట అర్థం కాదు. బ్రౌజర్‌కి డబ్బొచ్చేది ప్రధానంగా వెతుకుడు పెట్టె నుంచి. సఫారీలో డిఫాల్ట్‌గా ఉండటానికి గూగుల్ ఒక్క 2022లోనే యాపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని కోర్టు కేసులో బయటపడింది. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా సంస్థ ఆదాయంలో సింహభాగం కూడా గూగుల్ ఇచ్చేదే, అంటే పోటీదారు ఇచ్చే డబ్బుతో పోటీ చేస్తోంది. 2014లో మొజిల్లా ఎక్కువ డబ్బుకి ఆశపడి అమెరికాలో యాహూని డిఫాల్ట్ చేసింది, జనానికి ఆ సెర్చ్ నచ్చలేదు, 2017లో మళ్లీ గూగుల్ దగ్గరికే వచ్చింది. డబ్బిచ్చేవాడు దొరికాడని యూజర్‌కి నచ్చనిది అంటగడితే ఆ యూజరే పోతాడు. మీరూ రేపు ఏదో ఒక సెర్చ్ కంపెనీతో మాట్లాడతారు, అప్పుడు ఇది గుర్తుంచుకోండి. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా, గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పిచ్చాడు. 2025 సెప్టెంబర్‌లో శిక్ష దగ్గరికొచ్చేసరికి క్రోమ్‌ని అమ్మక్కర్లేదన్నాడు, డబ్బిచ్చి డిఫాల్ట్ కొనుక్కోవడం కూడా ఆపలేదు, మా ఒక్కళ్లదే ఉండాలి అనే షరతు మాత్రం పెట్టకూడదన్నాడు. కాబట్టి కోర్టు వచ్చి మీకు దారి తెరుస్తుందని కూర్చోకండి. యూరప్‌లో 2010 నుంచి 2014 దాకా విండోస్‌లో, 2024 మార్చి నుంచి ఐఫోన్‌లో, ఏ బ్రౌజర్ కావాలో ఎంచుకోమనే తెర చూపిస్తే చిన్నవాళ్లకి డౌన్‌లోడ్‌లు పెరిగిన మాట నిజం. కానీ ఆ తెర మీద పేరు చూసి గుర్తుపట్టేంత పేరు మీకు ముందే ఉండాలి.

ఇప్పుడు నా సొంత బొప్పి కట్టిన కథ. నేను పనిచేసిన చోట, వీడియో ఫార్మాట్ మార్చే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్లతో ఒప్పందం చేసుకుని, వాళ్ల ఇన్‌స్టాలర్‌లో మా బ్రౌజర్‌కి ముందే టిక్ పెట్టించాం. మొదటివారం గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది, ఆఫీసులో కేకు కోశారు, నాకు మెచ్చుకోలు మెయిల్ కూడా వచ్చింది. నెల తిరిగేసరికి వాళ్లలో మళ్లీ బ్రౌజర్ తెరిచినవాళ్లు లేరన్నట్టే. అంతవరకూ నష్టం డబ్బే అనుకున్నాం. తర్వాత చూస్తే సమీక్షల నిండా ఇది వైరస్, మేం అడక్కుండా వచ్చింది అనే రాతలు, రెండు యాంటీవైరస్‌లు మమ్మల్ని అనుమానపు జాబితాలో పెట్టాయి, దాంతో మమ్మల్ని ఇష్టపడి వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి కూడా ఎర్ర హెచ్చరిక కనిపించడం మొదలైంది. ఆ జాబితా నుంచి బయటపడటం కేకు తిన్నంత సులువు కాలేదు. గూగుల్ చేస్తే చెల్లింది కదా అంటారేమో, టిక్ ఉన్న క్రోమ్‌ని జనం అంతకుముందే విన్నారు, మమ్మల్ని వినలేదు. తేడా అదే.

దాని తర్వాత నేను ఆఫీసు గదిలో గ్రాఫ్‌లు చూడటం మానేసి, మనుషుల పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకావిడ, అకౌంట్స్ పని చేసేవారు, మా బ్రౌజర్ వేసుకున్నారు. రంగులు బాగున్నాయన్నారు, వేగంగా ఉందన్నారు. మెయిల్ తెరిచారు. పాస్‌వర్డ్ అడిగింది. ఆవిడ వేళ్లు కీబోర్డ్ మీద ఆగిపోయాయి, ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ ఆవిడకి తెలియదు, పాత బ్రౌజర్‌కి తెలుసు. ఒక్క క్షణం తెర వైపు చూసి, కిందున్న పాత ఐకాన్ నొక్కి, మెయిల్ తెరుచుకుని, నా వైపు తిరిగి మీది బాగుందండీ అన్నారు. ఆవిడ మళ్లీ మా బ్రౌజర్ తెరవలేదు. మొత్తం నాలుగు నిమిషాలు. మీ వాళ్లందరూ బాగుందనే అన్నారు అని మీరు రాసింది చదవగానే నాకు గుర్తొచ్చింది ఆవిడే.

ఆర్క్ అనే బ్రౌజర్‌కి జరిగింది ఇంకో రకం. 2023లో వచ్చింది, అందం విషయంలో దానికి వంక పెట్టడానికి లేదు, నేనూ ఏడాది వాడాను. కానీ ప్రత్యేకం అనుకున్న స్పేసెస్ (ట్యాబ్‌లని వేరువేరు గుంపులుగా పెట్టుకునే చోట్లు) ఒకటికి మించి క్రమంగా వాడేవాళ్లు రోజువారీ యూజర్లలో ఆరు శాతం కూడా లేరని కంపెనీయే తర్వాత రాసింది. నేర్చుకోవాల్సింది ఎక్కువైతే ఇష్టపడేవాళ్లు పిచ్చిగా ఇష్టపడతారు, మిగతావాళ్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. చివరికి డియా అనే కొత్త బ్రౌజర్ వైపు తిరిగారు, 2025 సెప్టెంబర్‌లో అట్లాసియన్ 61 కోట్ల డాలర్లకి కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ధర చూసి మీరు ఉత్సాహపడొచ్చు, తప్పులేదు, కానీ అది కంపెనీ అమ్ముకోవడంలో గెలుపు, క్రోమ్ మీద గెలుపు కాదు.

చిన్నవాళ్లలో నిలబడినవాళ్లని చూస్తే అందరూ ఒక గుంపుని పట్టుకున్నవాళ్లే. ఒపేరా మినీ, పేజీని తన సర్వర్‌లో పిండి చిన్నది చేసి పంపేది, డేటా ఖరీదుగా ఉన్నప్పుడు, ఫోన్లు బలహీనంగా ఉన్నప్పుడు అది వేగం కన్నా మిన్న, అది డబ్బు ఆదా. అదే ఒపేరా 2019లో గేమ్‌లు ఆడేవాళ్ల కోసం జీఎక్స్ తెచ్చింది, బ్రౌజర్ ఇంత మెమరీకి మించి తినకుండా తాళం వేసుకునే వీలిచ్చింది. గేమ్ ఆడేవాడికి ఆ తాళం విలువ తెలుసు, మా నాన్నకి తెలియదు, తెలియక్కర్లేదు కూడా. వివాల్డీ, బటన్ ఎక్కడుండాలో కూడా తనే నిర్ణయించుకోవాలనే రకం జనానిది. బ్రేవ్, ట్రాకింగ్ అంటే ఒళ్లు మండేవాళ్లని పట్టుకుని 2025లో నెలవారీ యూజర్లు 10 కోట్లు దాటారని చెప్పుకుంది. మధ్యలో 2020లో అడ్రస్ పెట్టెలో ఒక క్రిప్టో సైటు పేరు కొడితే తన కమిషన్ లింక్ దానంతటదే చేరుస్తోందని బయటపడి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. నమ్మకం అమ్ముకునేవాడికి అలాంటి తప్పు రెండోసారి క్షమించరు.

మీ యాడ్ బ్లాకర్‌కి ఇప్పుడు మంచి అదను ఉంది, కాదనను. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చి యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ పాత రూపంలో పనిచేయకుండా చేసింది, దాంతో కొంతమంది నిజంగానే వేరే చోటు వెతుక్కుంటున్నారు. కానీ లోపలే బ్లాకర్ ఉన్నవి బ్రేవ్, ఒపేరా, వివాల్డీ ముందే ఉన్నాయి. తక్కువ మెమరీ అంటారా, అది అందరూ చెప్పేదే, ఎవరూ కొలిచి చూసుకోరు. మీరు ఎవరి కోసం అన్నది తేల్చుకోండి: రోజంతా పది క్లయింట్ ఖాతాల్లోకి లాగిన్ అయ్యేవాళ్లా, పాత కంప్యూటర్ల ల్యాబ్ నడిపే టీచర్లా, చూపు తగ్గినవాళ్లా. ఆ గుంపు పదివేల మందే అయినా ఫర్వాలేదు, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే గుంపు అయితే చాలు.

చేయాల్సిన పనుల్లో బోరు కొట్టేవే ముఖ్యం. క్రోమియంలో కొన్ని వారాలకో పెద్ద వెర్షన్ వస్తుంది, 2023 నుంచి క్రోమ్‌కి భద్రతా ప్యాచ్‌లు దాదాపు వారానికోసారి వస్తున్నాయి. మీ నలుగురిలో ఒకరు కొత్త కోడ్ కలపడం తప్ప ఇంకేమీ చేయకూడదు, లేకపోతే మూడు నెలల్లో మీ బ్రౌజర్ తెలిసిన రంధ్రాలతో తిరుగుతుంటుంది. గూగుల్ 2021 మార్చి నుంచి క్రోమ్ సింక్‌ని (పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఒకేలా ఉంచేది) వేరే క్రోమియం బ్రౌజర్లు వాడుకోకుండా ఆపేసింది, అంటే సింక్ సర్వర్ మీరే కట్టుకోవాలి, పైగా ఎన్‌క్రిప్షన్‌తో. డబ్బు కట్టి చూసే సినిమా సైట్లు ఆడాలంటే సినిమాలు కాపీ కాకుండా కాపాడే గూగుల్ వైడ్‌వైన్‌కి లైసెన్స్ కావాలి, అది మీ చేతిలో ఉండదు, దరఖాస్తు ఈరోజే పెట్టండి, జవాబు రావడానికి నెలలు పట్టినా ఆశ్చర్యపోకండి. ఒక్క సినిమా ఆడకపోతే ఆ రాత్రే యూజర్ పాత ఇంటికి వెళ్లిపోతాడు.

ఏఐ అసిస్టెంట్ పెట్టమంటారా అని మీ ప్రశ్న కింద ఒకాయన రాశారు. మీ స్థాయిలో వద్దంటాను. పేజీలో దాచిన మాటలు చదివి అసిస్టెంట్ మోసపోయే ప్రమాదాన్ని 2025లో కామెట్‌లోనే బ్రేవ్ పరిశోధకులు చూపించారు. డబ్బు, మనుషులు దండిగా ఉన్నవాళ్లకే అది తేలలేదు.

ఇక మీరు అడిగిన ఫీచర్. పాస్‌వర్డ్‌లు తెచ్చుకోవడం. బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు, వీలైతే తెరిచి ఉన్న ట్యాబ్‌లతో సహా, పాత బ్రౌజర్ నుంచి ఒక్క నొక్కుతో, మొదటి నిమిషంలో. పాత బ్రౌజర్ అడ్డుపడి నేరుగా ఇవ్వకపోతే, అక్కణ్ణుంచి ఫైల్‌గా ఎలా దించుకోవాలో బొమ్మలతో, బాణం గుర్తులతో చూపించండి, తెచ్చుకోవడం అయ్యాక ఆ ఫైల్ చెరిపేయమని కూడా చెప్పండి, దాంట్లో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి. డిఫాల్ట్ చేసుకోండి అనే పెట్టె మొదటి నిమిషంలో చూపించకండి, నాలుగో రోజో ఐదో రోజో చూపించండి, అప్పటికి వాళ్లని అడిగే హక్కు మీకొస్తుంది. డౌన్‌లోడ్‌ల లెక్క గోడ మీంచి తీసేయండి. ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లలో నాలుగో వారంలో కూడా తెరుస్తున్నవాళ్లు ఎంతమంది, వాళ్లలో డిఫాల్ట్ చేసుకున్నవాళ్లు ఎంతమంది, ఈ రెండు అంకెలే చూడండి.

ఆ రెండు అంకెలు ఇక్కడ పెట్టండి. మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే తెరలన్నీ వరసగా స్క్రీన్‌షాట్‌లు తీసి పెట్టండి, ఎక్కడ జారిపోతున్నారో చూసి చెప్తాను. మాక్కూడా మొదట్లో అలాంటి తెరలు ఏడుండేవి, రెండు మిగిల్చాక గానీ దారి పడలేదు.